పస్తులుంటే కరిగేది కొవ్వు ఒక్కటేనా?

బాసర క్షేత్రానికి వచ్చే యాత్రికులలో కొందరు అమ్మవారి దర్శనం చేసుకొని, పిల్లలకు అక్షరాభ్యాసం జరిపించి, తిరుగు ప్రయాణంలో నా వైద్యశాలకు కూడా వస్తుంటారు. స్థూలకాయంతో బాధపడే స్త్రీలు తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. "నేను తినేది పిడికెడే, అయినా ఒళ్ళు తగ్గదేమి?" అన్నది మొదటిది. "మరీ తక్కువ తింటే శరీరం బరువు తగ్గడమే మానేస్తుందట, నిజమేనా?" అన్నది రెండవది. వీటికి సమాధానం చెప్పబోయే ముందు నేను చేసిన ఒక పొరపాటును పాఠకులకు విన్నవించుకోవాలి.

ముప్పై ఏళ్ళ నాటి మాట. 78 కిలోల బరువున్న ఒక గృహిణి నా వద్దకు వచ్చింది. "ఆహారం బాగా తగ్గించండమ్మా" అన్నాను. ఎంత తగ్గించాలో, దేనిని తగ్గించాలో చెప్పలేదు. ఆమె పట్టుదల గల మనిషి. పొద్దున ఒక గ్లాసు మజ్జిగ, మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె, రాత్రి పస్తు. మూడు నెలలలో 12 కిలోలు తగ్గింది. నేనూ సంతోషించాను. జడ సగమైందనీ, మెట్లెక్కితే కాళ్ళు వణుకుతున్నాయనీ, బహిష్టు క్రమం తప్పిందనీ ఆమె చెప్పేవరకు నేను అడగనే లేదు. ఏడాది తిరిగేసరికి ఆమె బరువు 82 కిలోలు! "మీరు చెప్పినట్లే చేశాను గదా అయ్యగారూ" అన్నది. ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయింది.

శాస్త్రం ఏమంటున్నది?

గురుకులంలో నేను చదువుకున్న చరక సంహితలోనే ఆ జవాబు ఉన్నది. సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని గురించి, అతికృశుని గురించి వివరంగా చెప్పారు. స్థూలునిలో మేదస్సు మార్గాలను అడ్డగించడం వల్ల వాయువు కోష్ఠంలోనే సంచరిస్తూ జఠరాగ్నిని రగిలిస్తుంది. అందుచేత అతనికి ఆకలి ఎక్కువ. అటువంటి వానిని పస్తు ఉంచితే ఆ అగ్ని, వాయువు కలిసి దేహాన్ని బాధిస్తాయి. తృప్తిగా పెడితే మేదస్సు పెరుగుతుంది. అందుకే కృశుని కంటె స్థూలునికి చికిత్స కష్టమన్నారు.

దీనికి శాస్త్రం చూపిన మార్గం గురువై, అపతర్పణమైన ఆహారం. అనగా కడుపులో నిలిచి ఆకలిని అణచేది, శరీరాన్ని మాత్రం పెంచనిది. తరువాతి అధ్యాయంలో లంఘనం పది విధాలని చెప్పారు. ఉపవాసం ఆ పదింటిలో ఒకటి మాత్రమే. వ్యాయామం కూడా లంఘనమే. లంఘనం మితిమీరితే కీళ్ళనొప్పులు, నోరెండడం, ఆకలి నశించడం, చూపు వినికిడి మందగించడం, మనస్సు నిలకడ తప్పడం కలుగుతాయని అక్కడే హెచ్చరించారు.

ఆధునికుల పరీక్ష

ఇదే విషయాన్ని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944-45లో పరీక్షించి చూశాడు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారికి 24 వారాల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. అది వారి మామూలు భోజనంలో దాదాపు సగం. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. నీరసం, చలి, చిరాకు, ఎప్పుడూ తిండి మీదే ధ్యాస! తిరిగి భోజనం పెట్టినప్పుడు మాంసం కంటె కొవ్వు త్వరగా పెరిగింది.

దీనివల్ల తెలిసేదేమి? తక్కువ తింటే బరువు తగ్గడం ఆగిపోతుందనడం నిజం కాదు. ఆ యువకులు తగ్గుతూనే వచ్చారు. అయితే తగ్గినదంతా కొవ్వు కాదు, కండ కూడా కరిగింది. శరీరం పొదుపు నేర్చుకొని తక్కువ ఖర్చుతో బ్రతకసాగింది. అటువంటి శరీరానికి మళ్ళీ మామూలు భోజనం పెడితే మిగులంతా కొవ్వుగా చేరుతుంది. నా వద్దకు వచ్చిన గృహిణికి జరిగినది ఇదే.

"పిడికెడే తింటున్నాను" అనేవారు అబద్ధమాడరు. కాని నాలుగు సార్లు తాగిన చక్కెర టీ, పిల్లలు వదిలేసిన అన్నం, పోపులో నూనె, ప్రసాదంగా తిన్న లడ్డు లెక్కకు రావు. ఒక వారం పాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ కాగితం మీద వ్రాయండి. సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

ఎంత తగ్గించాలి? ఏమి తినాలి?

శ్రమ తక్కువగా చేసే 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 1,660 కేలరీలు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కకట్టింది. బరువు తగ్గించే ఆహారం 1,000 కేలరీలకు లోపు ఉండరాదనీ, వారానికి అర కిలో తగ్గడం క్షేమకరమనీ అదే సంస్థ చెప్పింది. కావున నెలకు రెండు కిలోలు చాలు.

● మన ప్రాంతపు జొన్న ఇందుకు తగినది. 100 గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపే. కేలరీలలో పెద్ద తేడా లేకపోయినా జొన్నరొట్టె కడుపులో నిలుస్తుంది. చరకుడు చెప్పిన గురుత్వం అదే.

● రెండు పూటలా పెసరపప్పు గాని, ఉలవకట్టు గాని తప్పక ఉండాలి. కండ నిలిచేది పప్పుతోనే. గర్భిణులు, కడుపులో మంట ఉన్నవారు ఉలవలు వాడరాదు.

● పుంటికూర, తోటకూర, బీర, సొర సమృద్ధిగా తినండి. నూనె మాత్రం కొలిచి వేయండి.

● వెన్న తీసిన పలుచని మజ్జిగలో శొంఠి, జీలకర్ర కలిపి త్రాగండి.

● చల్లారిన నీటిలో ఒక చెంచా తేనె కలుపుకోవచ్చు. వేడినీటిలో తేనె కలపరాదు. తేనెనీరు ఒక్కటే ఎవరినీ సన్నబరచదని గుర్తుంచుకోండి.

● రోజూ అరగంటకు తగ్గకుండా వేగంగా నడవండి.

ఇక ఉపవాసం సంగతి. ఇక్కడ గోదావరి తీరాన అమ్మవారి దీక్ష పట్టినవారు మధుకరం ఎత్తి, ఆ భిక్షాన్నంతోనే గడుపుతారు. అది చిత్తశుద్ధి కోసం చేసే వ్రతం. నియమిత దినాలకు ముగుస్తుంది. దానిని ఒళ్ళు తగ్గించుకునే ఉపాయంగా నెలల తరబడి సాగదీయడం తగదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, మధుమేహానికి మాత్రలు లేక ఇన్సులిన్ వాడేవారు వైద్యుని అడగకుండా పస్తులుండరాదు. మరీ వేగంగా తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం కూడా ఉన్నది. తినకపోయినా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

ఆ గృహిణి తిరిగి నా మాట వినడానికి ఒప్పుకోవడం ఆమె మంచితనం. ఈసారి మూడు పూటలా తినమన్నాను. ఏమి తినాలో, ఎంత తినాలో కాగితం మీద వ్రాసి ఇచ్చాను. పది నెలలలో తగ్గినది 11 కిలోలే. కాని అవి మళ్ళీ రాలేదు. నాటినుండి నా వద్దకు ఎవరు వచ్చినా "తగ్గించండి" అని ఊరుకోను. ముందుగా "నిన్న ఏమేమి తిన్నారు?" అని అడుగుతాను.