మీకు తెలుసా? మళ్లీ చదివితే మారిపోయే నవలలు

‘చివరకు మిగిలేది’ పేరుతో 1960లో వచ్చిన సినిమాకీ, బుచ్చిబాబు నవలకీ సంబంధం లేదు. సావిత్రి నర్సుగా నటించిన ఆ సినిమా ఒక బెంగాలీ చిత్రానికి తెలుగు రూపం. నవల అంతకు ముందే వచ్చింది.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. ఆకాశవాణిలో ఉద్యోగం చేశాడు, బొమ్మలు కూడా వేశాడు. ఇరవై ఏళ్లప్పుడు నేను ఈ నవలని కథానాయకుడు దయానిధి ప్రేమల కోసమే చదివాను. అతను ప్రేమించిన కోమలి కనిపించిన చోటల్లా పెన్సిలు గీతలే! నలభై దాటాక అదే ప్రతి తీస్తే, ఆ గీతలన్నీ దాటుకుంటూ వెళ్లి అతని తల్లి ప్రస్తావన దగ్గర ఆగిపోయాను. తల్లి గురించి లోకం అనుకునే మాటలు కొడుకు వెంట ఎంత దూరం వస్తాయో అప్పుడుగానీ తెలియలేదు. ఇప్పుడు ఏ కథ మొదలుపెట్టినా, అందులో లేని మనిషి నీడ ఎవరి మీద పడుతోందా అని ముందు వెతుక్కుంటాను. రెండోసారి చదవడం వల్ల అబ్బిన అలవాటది.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ని తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికి అంకితమిచ్చాడు. ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకట! ఆ అంకితం చూసి లోపలికి వెళ్తే, అదే ప్రశ్న కథానాయకుడు సీతారామారావుని ఎలా తినేస్తుందో కనిపిస్తుంది. మనిషి తనతో తాను వాదించుకుంటుంటే చాలు, అదే కథ అవుతుందని నాకు నేర్పింది ఈ పుస్తకం. కలం కదలనప్పుడు నేను తెరిచేది దీన్నే.

కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న మొదటి తెలుగు నవల కూడా గోపీచంద్‌దే: ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’. బహుమతి 1963లో వచ్చింది. ఆయన 1962లోనే పోయాడు.

నవీన్ ‘అంపశయ్య’ మొత్తం విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే కుర్రాడి ఒక్క రోజు కథ. దొంగరి మల్లయ్య కలం పేరు ‘నవీన్’ అయితే, ఆ నవల ఆయన్ని ‘అంపశయ్య నవీన్’ చేసింది.

‘హిమజ్వాల’ రాసిన వడ్డెర చండీదాస్ తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించాడు. మాటల్ని కొత్తగా విరిచి కలిపే ఆయన వచనం చదివాక వారం రోజులు నా వాక్యాలూ ఆ దారినే పోతాయి. అంత బలమైన గొంతు. అందుకే రాసుకునే రోజుల్లో ఆ పుస్తకం ముట్టను, రాత పూర్తయ్యాకే తీస్తాను.

విశ్వనాథ ‘వేయిపడగలు’ని హిందీలోకి తెచ్చింది పి.వి. నరసింహారావు, ‘సహస్రఫణ్’ పేరుతో. ఒక నవలని అనువదించడం కంటే దగ్గరగా చదవడం ఇంకొకటి లేదని నా నమ్మకం.

మీరు ఒకప్పుడు ప్రాణంగా చదివిన నవల ఏదైనా అలమరలో ఉంటే ఈ వారం బయటికి తీయండి. కొత్త ప్రతి కొనొద్దు, గీతలు గీసిన ఆ పాతదే చదవండి. ఈసారి వేరే రంగు పెన్సిలు దగ్గర పెట్టుకోండి.