పత్తి యంత్రములు నేర్పు పాఠము

భైంసా పట్టణమునకు పత్తి ప్రధానమైన జీవనాధారము. ఈ ప్రాంతపు నల్లరేగడి భూములలో పండిన పత్తి యిచటి జిన్నింగు మిల్లులకు వచ్చి, దూదియు గింజయు వేరుపడి, దూది బేళ్లుగా కట్టబడుచున్నది. మన దేశమున నొక్కొక్క బేలు తూకము 170 కిలోలు. ఇట్టి మిల్లులలో పని యెట్లు మారినదో గమనించినచో, రాబోవు కాలమునకు పిల్లలును కార్మికులును ఏమి నేర్వవలయునో బోధపడును.

పూర్వము పత్తిని గంపలతో మోసి యంత్రములలో వేయుట కూలివారి పని. ఆ దుమ్ములో ఊపిరి పీల్చుటయే కష్టముగా నుండెడిది. 2000 సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము పత్తి సాంకేతిక మిషన్ అను పథకమును ప్రారంభించి, పాత మిల్లులను బాగుచేయుటకు సాయము చేసెను. అట్లు మారిన మిల్లులలో గాలిగొట్టములును కదలెడి పట్టీలును పత్తిని మోయుచున్నవి. గంప మోయువాని పని తగ్గినది. యంత్రపు చప్పుడు విని లోపము గుర్తించువాడు, విద్యుత్తు పని తెలిసినవాడు, తేమ కొలుచువాడు కావలసివచ్చిరి. అయితే క్రొత్త పని దానంతట నది పాతవానికి దక్కదు, నేర్చినవానికే దక్కును.

తేమ సంగతియే చూడుడు. పత్తిలో తేమ నూటికి 8 పాళ్లకు మించినకొలది మద్దతు ధరలో కోత పడును. 12 పాళ్లు దాటినచో భారత పత్తి సంస్థ కొనదు. బండి కట్టకమునుపే తేమ కొలిచి, పత్తిని ఎండబెట్టించు బిడ్డ యింటనుండిన రైతు నష్టపోడు. బడిలో మనము విసుగుతో చేయు శాతముల లెక్కయే యచట రూపాయలగును.

పత్తి యేరుట మన యొద్ద నేటికిని చేతిపనియే. అందు స్త్రీలే యధికము. అమెరికాలో 1940 దశకము నుండి యేరెడి యంత్రములు వ్యాపించి, ఇరువది ముప్పది యేండ్లలో చేతి యేరుడు దాదాపుగా అంతరించెను. ఆ కూలిపై నాధారపడిన కుటుంబములనేకము ఊళ్లు విడిచి పట్టణములకు పోయినవి. యంత్రము వచ్చిన పిమ్మట నేర్చుకొందమనుట ఆలస్యమగును. కావున తలిదండ్రులకు మనవి యేమనగా, దసరా మొదలు సంక్రాంతి వరకు నేరుడు కాలమున ఆడుబిడ్డలను బడి మానిపింపకుడు. ఆ కూలి నాలుగు దినములలో వ్యయమగును. పోయిన పాఠము చిరకాలము వెలితిగా నుండును.

ఇప్పటికే పనిలో నున్నవారును నిరాశపడ నక్కరలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టమును బట్టి యువకులు కర్మాగారముననే భత్యము పొందుచు పని నేర్వవచ్చును. జిన్నింగు పని నేర్పు శిక్షణ కేంద్రము నాగపురమున కలదు. దూదిని వ్రేళ్లతో లాగి పోగు పొడవు చెప్పగల ముదుసలి పనివానికి కొలత పరికరమును గూడ నేర్పినచో, అతని యనుభవము రెండింతలుగా నుపయోగపడును.

విద్యార్థులారా! ఒక్క యంత్రమును మాత్రమే నేర్చి తృప్తిపడకుడు, అది మారిపోవును. కొలుచుట, లెక్కించుట, విద్యుత్తు నడచు తీరు, వ్రాసిన సూచనలను చదివి గ్రహించుట, ఇవి యే యంత్రమునకైనను పనికివచ్చును. సమీపమున బాసరలో 2008లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము, పదవ తరగతి ముగించినవారిని చేర్చుకొని ఆరేండ్ల ఇంజనీరింగు విద్య నేర్పుచున్నది. ఆ ద్వారము చేరు త్రోవ మన తరగతి గదినుండియే మొదలగును.