అగ్రికల్చర్ బీఎస్సీ: పొలం లేని ఇంటి పిల్లలకూ పనికొచ్చే చదువు

ఇంటర్ బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ప్రతి వేసవిలో ఒకటే చర్చ. నీట్‌లో మంచి ర్యాంకు వస్తే సరే, రాకపోతే ఏం చేయాలి? లాంగ్ టర్మ్ కోచింగా, ఫార్మసీయా, నర్సింగా అని లెక్కలు వేసుకుంటారు. అగ్రికల్చర్ మాట వచ్చేసరికి మాత్రం "మనకు పొలమే లేదు, ఆ చదువు మనకెందుకు?" అని పక్కన పెట్టేస్తారు. మెకానిక్ షెడ్డు, చిన్న దుకాణం, ఆటో మీద బతికే ముస్లిం కుటుంబాల్లో ఈ మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. నిజానికి ఈ కోర్సులో చేరాలంటే భూమి ఉండాలన్న షరతే లేదు. మొక్క ఎలా పెరుగుతుంది, ఎందుకు జబ్బు పడుతుంది, నేలలో ఏం తగ్గింది, మంచి విత్తనం ఎలా తయారవుతుంది అని నేర్పే సైన్సు ఇది.

రోజూ తినే అన్నమే ఇందుకు మంచి ఉదాహరణ. కిరాణా కొట్టులో బీపీటీ అని అడిగి కొనే సన్నబియ్యం అసలు పేరు సాంబ మసూరి, బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఈ వంగడం 1986లో విడుదలైంది. అన్నం బాగుంటుంది గానీ, బ్యాక్టీరియా ఎండాకు తెగులు దీన్ని తొందరగా పట్టుకుంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి, ఆ తెగులును తట్టుకునే 3 జన్యువులను సంకరం ద్వారా ఇందులోకి తెచ్చారు. ఏ మొక్కలో ఆ జన్యువులు చేరాయో డీఎన్ఏ పరీక్షతో చూసి ఏరుకున్నారు. అలా వచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. షుగర్ ఉన్నవాళ్లు అడిగి కొనే తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, రాజేంద్రనగర్‌లో తయారైంది. ఇలాంటి పనికి తొలి మెట్టు అగ్రికల్చర్ బీఎస్సీ.

కోర్సులో ఏముంటుంది?

బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్ 4 ఏళ్ల కోర్సు, 8 సెమిస్టర్లు. పంటల సాగు, నేలల శాస్త్రం, మొక్కల ప్రజననం, పురుగులు, తెగుళ్లు, విత్తన శాస్త్రం, ఉద్యాన పంటలు, వ్యవసాయ ఆర్థికశాస్త్రం, విస్తరణ ముఖ్యమైన సబ్జెక్టులు. క్లాసు ఎంతో ల్యాబ్, పొలం కూడా అంతే. చివరి ఏడాదిలో రావెప్ అనే కార్యక్రమం కింద విద్యార్థులు ఒక ఊరికి వెళ్లి రైతులతో కలిసి పనిచేయాలి. ఆడపిల్లల తల్లిదండ్రులు జంకేది ఇక్కడే. విద్యార్థులను ఒంటరిగా పంపరు, బృందాలుగా పంపుతారు. వసతి ఎక్కడ, పర్యవేక్షణ ఎవరిది అని కాలేజీలో ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఈ ఒక్క భయంతో సీటు వదులుకోవాల్సిన అవసరం లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1964లో ఏర్పడిన ఒకే వ్యవసాయ విశ్వవిద్యాలయం రాష్ట్ర విభజన తరవాత రెండైంది. తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, జగిత్యాల, పాలెం, అశ్వారావుపేట, వరంగల్, సిరిసిల్ల కాలేజీలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం కింద బాపట్ల, తిరుపతి, నైరా, మహానంది, రాజమహేంద్రవరం కాలేజీలున్నాయి. పండ్లు, కూరగాయలు, పూల మీద ఆసక్తి ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ ఉద్యాన విశ్వవిద్యాలయాలు వేరే ఉన్నాయి.

సీటు ఎలా?

బైపీసీ విద్యార్థులు ఈఏపీసెట్ అగ్రికల్చర్ విభాగం రాయాలి. ర్యాంకు వచ్చాక వ్యవసాయ విశ్వవిద్యాలయం వేరుగా ఇచ్చే నోటిఫికేషన్ చూసి మళ్లీ దరఖాస్తు చేయాలి. ర్యాంకు వచ్చింది కదా, పిలుస్తారులే అని కూర్చుంటే సీటు పోతుంది. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దానికి తల్లిదండ్రుల పేరున భూమి, పల్లెలో చదివిన ఏళ్లు చూస్తారు. ఊళ్లో తాతల నాటి ఎకరమో, రెండెకరాలో ఉండి పట్టా తండ్రి పేరుకు మారని ఇళ్లు ముందే ఆ పని చూసుకోవాలి.

బీసీ-ఈ జాబితాలోని ముస్లిం వర్గాలకు రెండు రాష్ట్రాల్లోనూ 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. దూదేకుల వారు బీసీ-బీ కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్ వంటి వర్గాలు బీసీ-ఈలో లేవు. వాళ్లు ఆదాయ పరిమితి లోపల ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే బదులు, పరీక్ష రాయగానే కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది.

పదో తరగతి తరవాత 2 ఏళ్ల వ్యవసాయ డిప్లొమా మరో దారి. అది పూర్తిచేసినవాళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీకి వెళ్లొచ్చు.

ఎక్కడ మోసపోతారు?

అగ్రికల్చర్ పేరుతో ఉన్న ప్రతి డిగ్రీ ఒకటి కాదు. మామూలు డిగ్రీ కాలేజీలో అగ్రికల్చర్ ఒక సబ్జెక్టుగా ఉండే 3 ఏళ్ల బీఎస్సీ వేరు, 4 ఏళ్ల ఆనర్స్ వేరు. భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్ గుర్తింపు లేని కాలేజీలో లక్షలు కట్టి చదివితే తరవాత పీజీ ప్రవేశాలకు, సర్కారు కొలువులకు ఇబ్బంది పడాల్సి వస్తుంది. ఏజెంటు చూపించే రంగుల కరపత్రం నమ్మకూడదు. గుర్తింపు ఉందా, ఏ ఏడాది వరకు ఉంది అని డబ్బు కట్టకముందే ఐసీఏఆర్ జాబితాలో చూసుకోవాలి.

చదివాక ఏముంది?

ప్రభుత్వంలో వ్యవసాయ విస్తరణ అధికారి, వ్యవసాయ అధికారి పోస్టులు వ్యవసాయ చదువు చదివినవాళ్లవే. మామూలు డిగ్రీవాళ్లు వాటికి పోటీకి రాలేరు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకు 4 ఏళ్ల వ్యవసాయ డిగ్రీ లేదా దానికి అనుబంధ డిగ్రీ అడుగుతారు. నాబార్డు, ఆహార సంస్థ, విత్తన కంపెనీలు సరే సరి. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లో అవకాశాలు తక్కువేం కాదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. పాతబస్తీకి దగ్గరే, సంతోష్‌నగర్‌లో మెట్ట సాగు పరిశోధనకు క్రీడా ఉంది. ఆ గేటు ముందు నుంచి రోజూ వెళ్లే ఎన్నో కుటుంబాలకు లోపల ఏం జరుగుతుందో తెలియదు.

వ్యాపారం చేసే ఇళ్లకు ఇంకో సంగతి. ఎరువులు, పురుగుమందుల దుకాణానికి కొత్త లైసెన్సు ఇచ్చేటప్పుడు ఇప్పుడు చదువు చూస్తున్నారు. ఇంట్లో ఒకరికి వ్యవసాయ డిగ్రీ ఉంటే ఆ చిక్కు ఉండదు. పైగా, ఏ తెగులుకు ఏ మందో చదివి తెలిసినవాళ్లు చెబితే రైతుకు అనవసరపు ఖర్చు తప్పుతుంది.

నోటిఫికేషన్ రాగానే ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా ఏ చదువుకూ లేదు, దీనికీ లేదు. ఎండలో నిలబడటం, మట్టి ముట్టుకోవడం ఇష్టం లేని పిల్లలను బలవంతంగా చేర్చకూడదు. కానీ మొక్కలంటే ఆసక్తి ఉన్న పిల్లవాడో, అమ్మాయో నీట్ రాలేదని ఇంట్లో తలదించుకుని కూర్చుంటే, "మనకు పొలం లేదు" అన్న ఒక్క మాటతో ఈ తలుపు మూసేయడం వాళ్లకు అన్యాయం. దగ్గర్లోని వ్యవసాయ కాలేజీకి ఒకసారి తీసుకెళ్లి చూపించి, ఆ తరవాత నిర్ణయం తీసుకోవచ్చు.