చెద ముట్టని కర్ర

మా పెరట్లో తోటకూర మడికి గట్టు కట్టించమని మా ఆవిడ రెండేండ్లు పోరింది. చివరికి పాత ఇండ్ల సామాను అమ్మే దుకాణంలో నాలుగు పలకలు చవకగా కొన్నాను. “మందు పట్టించిన కర్రండీ, మీ మనుమలనాటికి కూడా చెద ముట్టదు” అన్నాడు దుకాణదారు. ఏ మందు అని అడగాలన్న ఊహే ఈ తెలుగు పంతులుకు తట్టలేదు.

మడికి పోను మిగిలిన ముక్కలు నీళ్ళకాగు క్రిందికి పోయాయి. ఆ బూడిదను చేటలోకి ఎత్తి, పేనుబంక పట్టిన చిక్కుడు పాదు మీద చల్లబోతూంది మా ఆవిడ. సరిగా అప్పుడే రసాయనశాస్త్రం చెప్పే మా మిత్రుడు వచ్చాడు. కోసిన పలక అంచున లీలగా కనిపించే పచ్చదనం చూచి, “చెల్లెమ్మా, ముందా చేట క్రింద పెట్టు” అన్నాడు.

కంటితో చూచి రూఢిగా చెప్పలేమట గాని, అది రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు కావచ్చునట. ఆర్సెనిక్ అంటే మన పాషాణమే. నిఘంటువులో ఆ మాటకు రాయి అనీ విషమనీ రెండర్థాలు నేను ఏటేటా పాఠం చెబుతూనే ఉన్నాను. నా పెరట్లోనే ఉందని మాత్రం తెలియదు! 1933లో ఆ మందు కనిపెట్టినవారు డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో పనిచేసిన శొంఠి కామేశం గారట. రాగి బూజును చంపుతుంది, పాషాణం చెదను చంపుతుంది, క్రోమియం ఆ రెంటినీ కర్రలో పట్టి ఉంచుతుంది. స్తంభాలకూ వంతెనలకూ అది గొప్ప ఉపకారమే. అయినా 2003 చివరతో అమెరికాలో ఇండ్ల వాడకానికి ఈ కర్ర తయారీ చాలవరకు ఆపివేశారు.

“నిప్పులో వేస్తే విషం పోదా?” అన్నాను. పోదట. కొంత పొగలో లేస్తుంది, తక్కినది బూడిదలో చిక్కబడుతుంది. బండెడు కర్రలోని పాషాణం చేటెడు బూడిదలోకి దిగుతుందన్న మాట!

మా ఆవిడ ముఖం పాలిపోయింది. “ఆ మడిలో కూరే కదన్నయ్యా, పిల్లలకు నెలరోజులుగా పెడుతున్నాను?”

భయపడవలసింది ఒక నెల కూరకు కాదనీ, ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరేదానికనీ అతడు నచ్చజెప్పాడు. వానకు ఊరి దిగే పాషాణం చాలావరకు పలక ప్రక్కనున్న జానెడు మట్టిలోనే ఉండిపోతుంది. టమాటా, వంకాయ వంటి కాయల్లోకి వెళ్ళేది బహుస్వల్పం. ముల్లంగి వంటి దుంపలూ ఆకుకూరలూ మాత్రం అక్కడ వేయరాదు. వాటికి మట్టి కూడా అంటుకొని ఉంటుంది. రైలు పట్టాల క్రింది పాత దుంగలు తెచ్చేవారూ ఉన్నారు. వాటికి పట్టించేది బొగ్గుతారు నుండి తీసిన నూనె. ఎండకు నల్లగా కారుతుంది. అందులో పుట్టకురుపు తెచ్చే పదార్థాలున్నాయి కనుక అవీ కూరమడికి పనికిరావు.

మర్నాడే పలకలు పీకించి, వాటి ప్రక్క మట్టి ఎత్తించి, ఇటుకలు పేర్పించాను. కూర మళ్ళీ మొలిచింది. బూడిద మూటకట్టి పిల్లలకందని చోట పెట్టాం. పలకలు మాత్రం టార్పాలిను క్రింద గోడకు చేరగిలి ఉన్నాయి. కాల్చరాదు, ఒకరికి ఇవ్వ మనసొప్పదు, తిరిగి తీసుకోనని దుకాణదారు ఖండితంగా చెప్పాడు. చెద మాత్రం నిజంగానే ముట్టలేదు.