ఒడిలో కాదు, అడుగు దూరంలో

ఆదివారం ఆరాధన ముగించుకుని, భోజనాలై, ఎండ కాస్త చల్లబడిందంటే మా ఇంట్లో ఒకటే గోల. "పాక్కు, పాక్కు" అంటూ మా బాబు చెప్పులు తెచ్చి చేతికిస్తాడు. సికింద్రాబాదులో మేముండేది రెండు గదుల ఫ్లాటు. వాడు పరుగెత్తాలంటే మంచానికీ గోడకూ మధ్య నాలుగడుగులే. అందుకే పేట చివరనున్న చిన్న పార్కు మాకు దేవుడిచ్చిన పెరడు.

నిరుడు వేసవిలో మేము అక్కడ ఒక పాఠం నేర్చుకున్నాం. అప్పటికి వాడికి ఏడాదిన్నర. పెద్ద పిల్లలు జారుడుబల్ల ఎక్కుతుంటే తానూ ఎక్కుతానని చేతులు చాచాడు. ఒంటరిగా వదిలితే పడతాడని భయపడి, మాలో ఒకరం వాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని జారాం. సగం దూరంలో వాడి బూటు పక్క అంచుకు పట్టేసింది. పెద్దవారి బరువు ఆగలేదు. కాలు మెలిపడింది. ఆ ఏడుపు ఇప్పటికీ మా చెవుల్లోనే ఉంది.

డాక్టరుగారు ఎక్స్‌రే చూసి మోకాలి కింది ఎముక చిట్లిందన్నారు. నాలుగు వారాలు సిమెంటు కట్టు.

"ఒడిలోనే ఉన్నాడు కదండీ!" అన్నాం.

"ఒడిలో ఉండబట్టేనమ్మా" అన్నారాయన. బిడ్డ ఒక్కడే జారితే, కాలు పట్టుకున్నప్పుడు వాడి కొద్దిపాటి బరువే దానిమీద పడుతుంది, సాధారణంగా అక్కడే ఆగిపోతాడు. ఒడిలో ఉంటే మన బరువంతా కలిసి ఆ లేత కాలిని తిప్పేస్తుంది. అమెరికాలో 2002 నుండి 2015 వరకు ఆరేళ్ళలోపు పిల్లలు దాదాపు 3,50,000 మంది జారుడుబల్లలపై గాయపడ్డారనీ, వాటిలో కాలి ఎముక విరగడమే ఎక్కువనీ అయోవా విశ్వవిద్యాలయ వైద్యులు 2017లో తెలిపారు. ఇలా ఒడిలో జారడం అందుకు ముఖ్యమైన కారణమట.

ఆ నాలుగు వారాలూ ఇంట్లో మాటలు కరువయ్యాయి. నీవల్లనే అని ఒకరం, నువ్వు వద్దన్నావా అని మరొకరం. ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో హోషేయ గ్రంథము 11వ అధ్యాయం చదివాం. ఎఫ్రాయిముకు అడుగులు నేర్పిన తండ్రిగా దేవుడు అక్కడ మాట్లాడతాడు. ఆ తండ్రి చెయ్యి అందిస్తాడు, అడుగు వేసేది మాత్రం బిడ్డే. చదివినవారి గొంతు ఆగిపోయింది. ఒకరినొకరం క్షమించమని అడిగాం. తప్పు ప్రేమది కాదు, భయానిది.

కట్టు విప్పాక పార్కు మానలేదు. పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు వాడు చిన్న పిల్లల జారుడుబల్లే ఎక్కుతాడు, తనంతట తానే. మాలో ఒకరం మెట్ల దగ్గర, ఒకరం కింద నిలబడతాం. వాడు భయపడి వెనక్కి వస్తే తొందరపెట్టం. రేకు బల్ల అయితే ముందు మన అరచేయి పెట్టి చూస్తాం. ఎండాకాలం సాయంత్రం కూడా అది లేత చర్మాన్ని కాల్చగలదు. ఊగే ఉయ్యాల ముందుకు పరుగెత్తకుండా చూస్తాం. మెడలో తాయెత్తుల్లా వేలాడే తాళ్ళు, చున్నీలు లేకుండా పంపుతాం, అవి ఎక్కడైనా చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. ఫోను మాత్రం సంచిలోనే.

సెలవు రోజుల్లో ఇందిరా పార్కుకో, పబ్లిక్ గార్డెన్స్‌కో వెళ్తుంటాం. అక్కడ బెంచీల మీద చేతికర్రలు పట్టుకున్న తాతలు, వారి ముందు దుమ్ములో దొర్లే పసివాళ్ళు. చూసినప్పుడల్లా జెకర్యా ప్రవక్త గుర్తుకొస్తాడు. దేవుడు బాగుచేసిన యెరూషలేము ఎలా ఉంటుందో 8వ అధ్యాయంలో చెబుతూ ఆయన చూపించినది కోటలను కాదు. వీధుల్లో కర్రలు పట్టుకుని కూర్చున్న వృద్ధులనూ, ఆడుకునే పిల్లలనూ చూపించాడు.

తల్లిదండ్రులారా, బిడ్డల ఆటను వృథా కాలమనుకోకండి. భయంతో బిగపట్టకండి, అలక్ష్యంతో వదిలేయకండి. అడుగు దూరంలో నిలబడండి. మొన్న మా బాబు మొదటిసారి పైనుంచి ఒక్కడే జారి, కింద చాచిన మా చేతుల్లోకి వచ్చిపడి, "మల్లీ!" అన్నాడు. మన పరలోకపు తండ్రి కూడా మనకోసం అలాగే చేతులు చాచి ఉన్నాడు. ఆయన మన పసివారిని కాపాడును గాక.