అక్వేరియం చట్రం కిందికి దిగిన కథ

గణపవరంలో అక్వేరియం స్టాండు చేయించుకోవడానికి వెల్డింగ్ షాపుకో, వడ్రంగి దగ్గరికో వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది బరువు గురించే. "ఎంత బరువు ఆగుద్దండీ?" అంటే "మనిషెక్కి గెంతినా ఏం కాదండీ" అని జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధం లేదు. అయినా నెలల తర్వాత ఏదో ఒక రాత్రి అక్వేరియం కారుతుంది, లేదా అడుగు గాజు చీలుతుంది. స్టాండు మాత్రం చెక్కు చెదరకుండా నిలబడే ఉంటుంది. బరువు మోసిన స్టాండే గాజును ఎలా పగలగొట్టింది? ఇది తెలియాలంటే అక్వేరియం ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో, పెరిగే దారిలో ఏం వదిలేసుకుందో తెలియాలి.

గణపవరం ఉన్న గోదావరి డెల్టాలో చేప అంటే చెరువు. బొచ్చె, శీలావతి పెంచడం తెలియని ఊరు కొల్లేటి చుట్టుపక్కల దాదాపు లేదు. చేపను గాజు వెనక ఉంచి చూడాలన్న ఆలోచన మాత్రం వేరే అవసరం నుంచి పుట్టింది. ఫ్రాన్సులో పుట్టి, పెళ్లయ్యాక ఇటలీలోని సిసిలీ దీవిలో మెస్సీనా నగరానికి చేరిన ఝాన్ విల్‌ప్రూ పవర్‌కు ఒక సందేహం వచ్చింది. ఆర్గోనాట్ అనే, ఆక్టోపస్ కుటుంబానికి చెందిన సముద్రజీవికి పల్చటి తెల్లని గుల్ల ఉంటుంది. అది తానే కట్టుకున్నదా, ఇంకో జీవి నుంచి లాక్కున్నదా అన్నది అప్పటి పండితులు తేల్చుకోలేని వివాదం. చచ్చిన నమూనాలను సారాలో ఉంచి చూస్తే అది తేలేది కాదు. బతికున్నదాన్ని చూడాలి. 1832లో ఆమె గాజు తొట్టెలు చేయించి, అందులో ఆర్గోనాట్‌లను పెంచింది. గుల్ల విరిగితే ఆ జీవి తన శరీరం నుంచి ఊరే పదార్థంతో తానే బాగుచేసుకోవడం కళ్లారా చూసింది. వివాదం తీరింది. అక్వేరియం పుట్టింది అలంకారం కోసం కాదని, ఒక ప్రశ్నకు జవాబు కోసమని గుర్తుంచుకోవడం నాకు ఇష్టం.

తొట్టిలో నీళ్లు పాడవకుండా ఉంచడం ఆ తర్వాతి చిక్కు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు గోల్డ్‌ఫిష్‌లనూ వ్యాలిస్నేరియా అనే నీటిమొక్కనూ కలిపి పెంచాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తోంది, చేప బతుకుతోంది, కానీ కుళ్లిన ఆకులతో నీళ్లు మురికి పడుతున్నాయి. ఆ కుళ్లును తినే నత్తలను వేశాక నీళ్లు తేటపడ్డాయి. 1850లో ఆయన ఈ సంగతిని కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. చేప, మొక్క, నత్త ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఆధారపడితే తొట్టి నిలబడుతుందన్నది ఆయన తేల్చిన విషయం. ఆ వ్యాలిస్నేరియా మన కొల్లేటిలో తనంతట తానే పెరిగే మొక్క. పొడుగ్గా, రిబ్బన్లలా నీళ్లలో ఊగే ఆకులు దానివే.

బ్రిటన్‌లో గాజు మీద ఉన్న పన్ను 1845లో పోయింది. గాజు చవకయింది. 1853లో లండన్ జూలో చేపల శాల తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన అక్వేరియం పుస్తకం ఇంటింటికీ ఈ సరదాను తెచ్చిపెట్టింది. మన వైపు ఇది కాస్త ఆలస్యంగా వచ్చింది. గణపవరం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1909లో, మద్రాసు మెరీనా తీరాన సముద్రజీవుల అక్వేరియం తెరిచారు. దాని వెనక ఉన్నది మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది.

ఆ కాలపు తొట్టి ఎలా ఉండేదో ఇప్పుడు చూడాలి, ఎందుకంటే మన స్టాండు కథ అక్కడే మొదలవుతుంది. దానికి ఇనుప చట్రం ఉండేది. అడుగున చాలావాటికి నల్లటి పలకరాయి. చట్రం గాడుల్లో గాజు పలకలు దించి, సందుల్లో లప్పం కూరేవారు. నీళ్ల ఒత్తిడి గాజును బయటికి నెట్టి ఆ లప్పానికి అదిమేది. లప్పం ఎండితే పగులుతుంది కాబట్టి తొట్టిని ఖాళీగా ఉంచితే చాలు, మళ్లీ నింపినప్పుడు కారేది. ఇనుము తుప్పు పట్టేది. లోపాలు ఎన్ని ఉన్నా ఆ చట్రం ఒక పెద్ద పని చేసేది. బల్ల కొంచెం వంకరగా ఉన్నా, ఆ వంకర గాజు దాకా పోకుండా తనలోనే ఆపుకునేది. అందుకే అప్పట్లో అక్వేరియాన్ని ఏ బల్ల మీద పెట్టినా చెల్లింది.

చట్రాన్ని తొలగించినవి రెండు ఆవిష్కరణలు. ఒకటి ఫ్లోట్ గ్లాస్. ఇంగ్లండ్‌లో అలస్టైర్ పిల్కింగ్టన్ కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలనిచ్చి, రెండు వైపులా అద్దంలా చదునుగా ఉండే పలకను తీసే పద్ధతిని సాధించాడు. ఆ సంగతి లోకానికి తెలిసింది 1959లో. రెండోది సిలికోన్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో యూజీన్ రోకో 1940లో సిలికోన్లను చవకగా తయారుచేసే దారి కనిపెట్టాడు. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి గొలుసులా అల్లుకున్న పదార్థం అది. గాజు కూడా ప్రధానంగా ఆ రెంటితోనే తయారవుతుంది, అందుకే సిలికోన్ గాజును అంత గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుని కూడా రబ్బరులా సాగుతుంది. ట్యూబు నొక్కినప్పుడు వచ్చే పుల్లటి వాసన వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లానిదే. సిలికోన్ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతూ ఆ ఆమ్లాన్ని వదులుతుంది. కొల్లేటి గాలిలో తేమకు కరువు లేదు కాబట్టి ఇక్కడ అది బాగానే గట్టిపడుతుంది. వాసన పూర్తిగా పోయేదాకా మాత్రం చేపలు వేయకూడదు.

1960ల నుంచి అయిదు గాజు పలకలు, సిలికోన్ అతుకులు మాత్రమే ఉన్న తొట్టెలు వచ్చాయి. అందంగా, తుప్పు లేకుండా, చవకగా. చట్రం పోయింది. చట్రం చేసిన పని పోలేదు. తొట్టిని మెలి తిరగకుండా పట్టుకునే బాధ్యత అప్పటి నుంచి కింద ఉన్న స్టాండు మీద పడింది. ఈ సంగతి తెలియకుండా బరువు ఒక్కటే లెక్కేసి కట్టిన స్టాండ్లే గాజును పగలగొడుతున్నాయి.

బరువు లెక్క కూడా ఒకసారి వేద్దాం. నాలుగు అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ఉన్న తొట్టి తీసుకోండి. తొమ్మిది ఘనపు అడుగులు, అంటే సుమారు 255 లీటర్లు, 255 కిలోలు. 8 మిల్లీమీటర్ల గాజయితే దాని బరువే 40 కిలోల పైన. ఇసుక, రాళ్లు కలిపితే మొత్తం 320 దాకా పోతుంది. గోదావరి జిల్లాల 75 కిలోల ధాన్యం బస్తాల్లో చెప్పాలంటే నాలుగు బస్తాల పైచిలుకు. రెండు అంగుళాల చదరపు టేకు కాలు నిట్టనిలువుగా నిలబడితే అదొక్కటే టన్నుకు పైగా మోస్తుంది. కాబట్టి నాలుగు కాళ్లకు ఈ బరువు లెక్కలోది కాదు.

గాజు విషయం వేరు. ముందు పలక మీద నీళ్లు నెట్టే బలం 120 కిలోల పైనే. నీటి పీడనం లోతును బట్టే ఉంటుంది, వెడల్పును బట్టి కాదు. కొల్లేటిలో ఒకటిన్నర అడుగు లోతున ఎంత ఒత్తిడో మీ గదిలోని తొట్టి అడుగునా అంతే. చెరువు గట్టును అడుగున లావుగా, పైన సన్నగా వేసేది ఈ లెక్కను చేత్తో తెలుసుకున్న పెద్దలే. గాజు అదుముడును బాగా ఓర్చుకుంటుంది, సాగదీతను అసలు ఓర్చుకోదు. ఎందుకో 1921లో ఏ.ఏ. గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు వివరించాడు. గాజు పైపొరలో కంటికి కనపడని గీతలు ఉంటాయి, లాగే బలమంతా ఆ గీతల కొసన పోగుపడుతుంది, అక్కడి నుంచి చీలిక పరుగెడుతుంది. అడుగు పలక కింద ఒక ఇసుక రేణువు ఇరుక్కున్నా అలాంటి చోటే తయారవుతుంది.

స్టాండు ఒక పక్కకు వాలితే నీటిమట్టం వంకరగా కనిపిస్తుంది, చూడ్డానికి బాగోదు. నాలుగడుగుల పొడవులో ఒక సెంటీమీటరు వాలు పీడనాన్ని పెద్దగా మార్చదు. భయపడాల్సింది మెలికకు. నాలుగు మూలల్లో మూడు ఒక సమతలంలో ఉండి నాలుగోది కొంచెం కిందికి దిగితే, నీళ్ల బరువు తొట్టిని ఆ మెలికకు తగ్గట్టు వంచబోతుంది. గాజు వంగదు. అతుకైనా వదలాలి, పలకైనా చీలాలి. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు, నాలుగు కాళ్లదే ఊగేది. మూడు బిందువుల గుండా ఒక తలం ఎప్పుడూ పోతుంది, నాలుగోది అందులో పడాలన్న నియమం లేదు.

ఈ ప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం. డెల్టా బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నోళ్లు తెరుస్తుంది. మెరక పోసి కట్టిన ఇంటి నేల చాలాకాలం దిగుతూనే ఉంటుంది. టైల్స్ వేసిన గది మట్టంగా ఉందని కంటితో చెప్పేయకండి. రసమట్టం పెట్టి చూడండి, లేదా తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో చూడండి. కాళ్లకు మరతో ఎత్తు మార్చుకునే బోల్టులు పెట్టించుకుంటే నాలుగేళ్ల తర్వాత నేల దిగినా సరిచేసుకోవచ్చు.

ఇక కట్టడం. మూడు సంగతులు సరిగ్గా ఉంటే స్టాండు సరిగ్గా ఉన్నట్టే. పైన అడ్డంగా వచ్చే చెక్క కాలు మీద కూర్చోవాలి, కాలి పక్కన మరమేకులతో వేలాడకూడదు. వేలాడితే బరువంతా మేకుల మీద పడుతుంది, మేకు చుట్టూ చెక్క నలిగి సందు పెరుగుతుంది. అడ్డచెక్కను నిలువుగా, అంచు మీద నిలబెట్టాలి. నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న చెక్క పడుకోబెట్టినప్పటి కంటే నిలబెట్టినప్పుడు నాలుగింతలు బిగువుగా ఉంటుంది. ఇక వెనక వైపు మూలకట్టు ఉండాలి, లేదా నిండా ఒక ప్లైవుడ్ పలక బిగించాలి. నాలుగు పక్కల చతురస్రం తోస్తే ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. ఇనుముతో చేయిస్తే చదరపు గొట్టాల చివరలు మూయించండి. లేకపోతే తేమ లోపలికి పోయి, రంగు చేరని చోట తుప్పు మొదలవుతుంది.

కలప విషయంలో ఇక్కడివాళ్లకు ఒక వరం ఉంది. పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు ఏళ్ల తరబడి ఆరి, కదలాల్సినంత కదిలి స్థిరపడ్డాయి. మేకులు ఏరి, చిత్రిక పడితే కొత్త కలప కంటే నమ్మకంగా ఉంటుంది. చెక్క తేమకు పొడవులో దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకే వెడల్పు పలకల కంటే సన్నని దూలాలతో చేసిన చట్రం వంకర పోవడానికి అవకాశం తక్కువ. ప్లైవుడ్ అయితే 710 అని ముద్ర ఉన్నదే తీసుకోండి, దాని జిగురు నీళ్లకు ఊడదు. నొక్కిన రంపపు పొట్టు పలకలు అక్వేరియం కింద పనికిరావు. ఒక్కసారి నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ పూర్వస్థితికి రావు.

చివరి పని, అందరూ తొందరపడేది, పూత. ఉప్పు కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, మళ్లీ రుద్ది, ప్రైమర్ వేశాకే రంగు. రంపం కోసిన చివరలకు రెండు మూడు పూతలు ఎక్కువ పడాలి, చెక్క నీళ్లు తాగేది ఎక్కువగా ఆ కొసల నుంచే. ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. కనపడే ముఖానికి నాలుగు పూతలు వేసి, వెనక వైపు పచ్చి చెక్క వదిలేస్తారు. వదిలిన వైపు తేమ పీల్చి ఉబ్బుతుంది, పూసిన వైపు కదలదు, పలక విల్లులా వంగుతుంది. అన్ని ముఖాలకూ సమానంగా వేయాలి. ఇనుమైతే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తప్పనిసరి. రంగు వాసన పోయాకే తొట్టి ఎక్కించండి. తొట్టి అడుగు మొత్తం గాజయితే కింద థర్మోకోల్ పలక వేయండి. అది ఇసుక రేణువును, చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను మింగుతుంది. మెలికను మాత్రం మింగలేదు. కరెంటు వైరు ప్లగ్గు కంటే కిందికి ఒకసారి జారి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి, వైరు వెంట జారిన నీళ్లు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే నేల మీద పడతాయి.

చేపలు కొనకముందే స్టాండును పరీక్షించండి. పై చట్రం మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఒక నూలు దారం, మిగతా రెండు మూలల మధ్య ఇంకో దారం బిగువుగా లాగండి. రెండు పొడవులూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టు. రెండు దారాలూ నడిమిలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే మెలిక లేనట్టు. తర్వాత దాని మీద నాలుగో అయిదో ధాన్యం బస్తాలు సర్ది, రాత్రంతా ఉంచి, పొద్దున్నే అంచుల మీద రసమట్టం పెట్టి చూడండి. బస్తాలు దించాక దారాలు మళ్లీ కట్టి చూడండి. తేడా ఉంటే బోల్టులు సవరించుకోండి, అప్పుడు గాజు తెచ్చుకోండి.