బొమ్మ ఓడే... కానీ మనుషులెక్కితే బొమ్మ కాదు!

కార్తీకమాసంలో అరటిదొప్పలో దీపం వదలని ఇల్లాలు మనలో ఎవరుంటారు చెప్పండి? పోలిపాడ్యమినాడు తెల్లవారుజామునే చలికి వణుక్కుంటూ చెరువు దగ్గరికి వెళ్ళి, దొప్పని నీళ్ళమీద పెట్టి, వేళ్ళతో మెల్లగా ముందుకు నెడతాం. వత్తి నడిమధ్యన కూర్చుందా, దీపం చక్కగా సాగిపోతుంది. కాస్త ఓరగా పెట్టామా, దొప్ప ఒరిగి దీపం చుయ్‌మని ఆరిపోతుంది. ఓడల శాస్త్రంలో సగం ఆ దొప్పలోనే వుందంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు, మా వీధి పిల్లలు హంసపడవ కట్టేదాకా!

మాది ఎ.కొండూరు. మామిడితోటల సీమ. పెద్ద పడవ చూడాలంటే బెజవాడ కృష్ణ ఒడ్డుకో, భద్రాచలం గోదారి ఒడ్డుకో పోవాల్సిందే. ఒక దసరాకి మా వీధి పిల్లలు బెజవాడలో తెప్పోత్సవం చూసొచ్చారు. వస్తూనే "మేమూ హంస వాహనం కడతాం" అని మొదలుపెట్టారు. నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటిమీద పాత తలుపుచెక్క, దానిమీద వెదురుబద్దలతో, తెల్లకాగితంతో మనిషెత్తు హంస మెడ! చూసి ఎంత మురిసిపోయామో. మేమే పసుపు కుంకుమ పెట్టి చెరువులోకి దింపించాం కూడా.

ముగ్గురు పిల్లలు ఎక్కారు. ఒడ్డునుంచి రెండు గజాలు వెళ్ళిందో లేదో, గట్టుమీద మేం చప్పట్లు కొడుతుంటే చూద్దామని ముగ్గురూ మావైపుకే జరిగారు. అంతే! హంస మెల్లగా తలవంచి అలాగే పక్కకి పడుకుంది. మోకాటిలోతు నీళ్ళు కాబట్టి బురదతో సరిపోయింది. ఇంకో నాలుగు గజాలు ముందుకు వెళ్ళి వుంటే? ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఎందుకిలా అయిందని తెలిసినవాళ్ళని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులే మీకిప్పుడు చెబుతున్నాను.

దేవుడెక్కే హంస

విజయదశమి సాయంత్రం బెజవాడ దుర్గాఘాట్ దగ్గర ఉత్సవమూర్తులని హంస వాహనంమీద కూర్చోబెట్టి కృష్ణలో ముమ్మారు తిప్పడం మీలో చాలామంది చూసే వుంటారు. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం రాములవారికి గోదావరిలో ఇదే వైభోగం. చూడ్డానికది హంస. కానీ అడుగున వున్నది పడవే! పైన దేవుడు, అర్చకులు, మేళతాళాలు, దీపాలు. ఎత్తయిన అలంకారం గాలికి ఊగుతుంది. అందుకే అడుగు వెడల్పుగా, బరువుగా వుండాలి. ఉత్సవానికి ముందు ట్రయల్ రన్ అని తిప్పి చూస్తారు. ఎంతమంది ఎక్కాలో లెక్క పెడతారు. 2020లో కృష్ణకి వరద ఎక్కువగా వుంటే వాహనాన్ని నదిలో తిప్పకుండా ఒడ్డునే వుంచి పూజ జరిపించారు. దేవుడి పడవకే అంత జాగ్రత్త అవసరమైతే, మన పిల్లల పడవకి అక్కర్లేదా?

కెప్టెన్లు చదువుకునే చెరువు

బొమ్మ ఓడల్ని పిల్లలే కాదు, పెద్ద పెద్ద ఇంజనీర్లూ కడతారు. మన విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకాదళ పరిశోధనశాలలో 500 మీటర్ల పొడవైన నీళ్ళ తొట్టి వుంది. కట్టబోయే యుద్ధనౌకకి ముందుగా చిన్న నమూనా చేసి, పట్టాలమీద నడిచే బండితో ఆ తొట్టిలో లాగి చూస్తారు. అందులో మనుషులెవరూ కూర్చోరు.

మనుషులు కూర్చుని నడిపే నమూనా ఓడలూ వున్నాయి. ఇంగ్లండులో స్కార్‌బరో అనే ఊళ్ళో ఒక పార్కు వుంది. అక్కడి చెరువులో 1927లో బొమ్మ యుద్ధనౌకల పోరాటం మొదలైంది. సుమారు 20 అడుగుల ఓడలు. లోపల మునిసిపాలిటీ ఉద్యోగులు దాక్కుని నడుపుతారు. చూసేవాళ్ళకి ఓడ తనంతట తానే పోతున్నట్టుంటుంది!

అది వినోదం. ఫ్రాన్సులో గ్రెనోబుల్ దగ్గర అడవి మధ్య పోర్ట్ రెవెల్ అనే చోట 1967లో మొదలైంది మాత్రం బడి. అక్కడ విద్యార్థులు నిజం ఓడల కెప్టెన్లు, రేవులోకి ఓడల్ని తీసుకొచ్చే పైలట్లూ. అసలు ఓడలో 25వ వంతు కొలతతో కట్టిన నమూనాల్లో కూర్చుని, చెరువులో ఓడ తిప్పడం, ఆపడం, రేవులో కట్టడం నేర్చుకుంటారు. కెప్టెన్ కళ్ళు సరిగ్గా అసలు ఓడలో వుండే ఎత్తుకి వచ్చేలా అతన్ని ఓడ లోపల కూర్చోబెడతారు. అతను చెబుతుంటే ఇంకొకరు చుక్కాని తిప్పుతారు. నిజం ఓడ గట్టుని గుద్దితే కోట్లు మునుగుతాయి, ప్రాణాలు పోతాయి. ఇక్కడ గుద్దితే "మళ్ళీ చెయ్యి" అంటారు. తప్పు చెయ్యడానికి వీలున్న చోట తప్పు చేసి నేర్చుకోవడమన్నమాట!

మనిషి మాత్రం చిన్నవాడు కాడు

ఇక్కడో తమాషా వుంది. ఒక గిన్నెకి వెడల్పు, పొడవు, లోతు అన్నీ రెండింతలు చేస్తే ఎంత పడుతుంది? రెండింతలు అనుకుంటాం. కాదు, ఎనిమిదింతలు! తగ్గించినా అదే లెక్క. 250 మీటర్ల ఓడ 25వ వంతు కొలతలో 10 మీటర్లవుతుంది. కానీ దాని బరువు 25తో మూడుసార్లు భాగించాలి. అంటే 15,625వ వంతు. లక్ష టన్నుల ఓడ ఆరున్నర టన్నులకి దిగిపోతుంది.

ఓడ చిన్నదయింది సరే, ఎక్కిన మనిషి చిన్నవాడయ్యాడా? 60 కిలోల మనిషి 60 కిలోలే! ఆ నమూనాలో అతనొక్కడు అసలు ఓడమీద 900 టన్నుల పైచిలుకు సరుకుతో సమానం. అతను ఒక పక్కకి వాలితే అంత సరుకూ ఒక్కసారి పక్కకి జరిగినట్టే. అందుకే వాళ్ళని నడిమధ్యన కూర్చోబెట్టి, వాళ్ళ బరువుని కూడా ఓడ బరువులో కలుపుకుంటారు.

టైము కూడా మారుతుంది. చిన్నగిన్నెలో పాలు కన్నుమూసి తెరిచేలోగా పొంగుతాయి, పెద్ద కాగులో నిదానంగా పొంగుతాయి, చూశారా? ఓడలూ అంతే. 25వ వంతు నమూనాలో అన్నీ అయిదు రెట్లు తొందరగా జరుగుతాయి. అసలు ఓడ పది నిమిషాల్లో తిరిగేది, నమూనా రెండు నిమిషాల్లో తిరిగేస్తుంది. పైనుంచి వీచే పిల్లగాలి కూడా దానికి అయిదు రెట్లు గట్టిగాలే. ఈ నిష్పత్తిని 1870 ప్రాంతాల ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు నమూనా ఓడల్ని నీళ్ళ తొట్టిలో లాగి లాగి తేల్చాడు.

మా పిల్లల హంస ఎందుకు పడిందో ఇప్పుడర్థమైందిగా? పడవ చిన్నది, పిల్లలు పెద్ద బరువు. మెడ ఎత్తు, అడుగు తేలిక. పైగా ముగ్గురూ ఒకే పక్కకి!

ఇంట్లో చేసి చూడండి

పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఇది చేయండి. వెడల్పాటి టబ్బులో నీళ్ళు పోసి, మూతలేని టిఫిన్ డబ్బా తేలెయ్యండి. చిన్న సంచిలో గుప్పెడు పెసలు కట్టి డబ్బా అడుగున మధ్యలో పెట్టండి. వేలితో కాస్త వంచి వదిలితే మళ్ళీ నిలబడుతుంది. అదే సంచిని డబ్బాలో బోర్లించిన గ్లాసుమీద పెట్టి వంచండి, ఇట్టే పల్టీ కొడుతుంది. బరువు మారలేదు, ఎత్తు మారింది, అంతే!

ఇప్పుడు సంచి తీసేసి డబ్బాలో అరగ్లాసు నీళ్ళు పోయండి. కొంచెం వంచగానే లోపలి నీళ్ళన్నీ పల్లానికి పరుగెత్తి ఇంకా వంచేస్తాయి. భయపడిన జనం కూడా పడవలో ఇలాగే ఒక పక్కకి పరుగెడతారు.

పడవ ఎక్కేముందు

2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో హారతి చూడబోయినవాళ్ళ పడవ కృష్ణలో బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. పడవలో పట్టేవాళ్ళకంటే ఎక్కువమంది ఎక్కారు, లైఫ్ జాకెట్లు లేవు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగితే 26 మందే బతికి బయటపడ్డారు. ఎవరి ఇంటి దీపాలో అవన్నీ.

అందుకని అక్కచెల్లెళ్ళూ, లైఫ్ జాకెట్ లేనిదే పిల్లల్ని పడవ ఎక్కించకండి. అది చేతిలో పట్టుకోవడం కాదు, కట్టుకోవాలి. జనం కిక్కిరిస్తే "తర్వాతి పడవలో వస్తాం" అనండి, మొహమాటపడకండి. ఎక్కాక కింద కూర్చోండి. ఫొటో కోసమని అందరూ ఒకే పక్కకి లేవకండి. వరదనీటిలో మాత్రం ఎంత మొక్కు వున్నా పడవ వద్దు. వినాయక నిమజ్జనానికి లారీ ట్యూబులతో, డ్రమ్ములతో తెప్పలు కట్టి పిల్లలు లోపలికి పోతామంటే గట్టిగా కాదనండి.

ఇంతకీ మా హంస సంగతేమైందని కదూ మీ అనుమానం? పిల్లలు మళ్ళీ కట్టారు. ఈసారి ముందు టబ్బులో డబ్బాతో చూసుకున్నారు. మెడ సగానికి తగ్గించారు, అడుగున ఇసుకమూటలు కట్టారు, డ్రమ్ములు దూరం దూరంగా బిగించారు. పోలిపాడ్యమినాడు ఒడ్డున చెట్టుకి తాడు కట్టి నీళ్ళలో వదిలారు. మనుషుల్ని ఎక్కించలేదు. ముప్ఫై ఒక్క ప్రమిదలే అందులో ప్రయాణీకులు.

గాలొచ్చింది, హంస ఊగింది. ఒక్క దీపం కూడా ఆరలేదు!